చిట్టియ్య గారి చెయ్యి

కోరుకొండ చుట్టుపక్కల ఎవరు కొత్తగా తమలపాకు తోట వేసినా మొదటి తీగ చిట్టియ్య గారే నాటాలి. ఆయన హస్తవాసి మంచిదనీ, ఆయన నాటింది చావదనీ అందరి నమ్మకం. నేను మిషను బడిలో చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మను. అయినా మా అమ్మ సంపూర్ణమ్మ పెరట్లో బీరపాదు పెట్టిన రోజు ఆయన్నే పిలుచుకొచ్చాను. నా చదువు అంత గట్టిది.

ఒక వరదలో ఆయన సొంత ఆకుతోట కుళ్లిపోయింది. అదే ఏడు ఒక జమీందారు గారు గుట్ట మీద టేకు పెంచాలనుకుని, నారుమడులు చూడ్డానికి ఆయన్ని పెట్టుకున్నారు. నేను అక్కడ లెక్కలు రాసే రైటరుని. టేకు నారు సంగతి ఆయనకీ తెలియదు, నాకు అసలే తెలియదు.

తమలపాకు తీగకి ఎండ పడదు. అలవాటు కొద్దీ ఆయన టేకుమడి మీద కూడా తాటాకు పందిరి వేశారు. రెండో మడికి తాటాకులు చాలలేదు. దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. "పసివాళ్లు ఎండలో మాడిపోతున్నారండి రైటరుగారూ" అనేవారు.

తీరా చూస్తే ఎండలోవి మాడలేదు. పొట్టిగా, లావు కాడతో, గరుకైన ఆకులతో బిగిసి కూర్చున్నాయి. పందిరి కిందివి వాటికంటే జానెడు పొడుగు. ఆకులు పల్చన, కాడ సన్నం. చిట్టియ్య గారు రెంటినీ వేళ్లతో నొక్కి చూసి తికమకపడ్డారు.

"ఇదేంటండి, ఎదిగింది మెత్తగా ఉంది, ఎదగనిది గట్టిగా ఉంది. ఏది బాగున్నట్టండి?"

"పొడుగుదే" అన్నాను కొలబద్ద చూపించి. లావు కొలవాలన్న ఆలోచన నాకు రాలేదు. పొడుగువి నాటాలనీ, పొట్టివి పారెయ్యాలనీ జమీందారీ మేనేజరు గారికి రాసింది నేనే. పారెయ్యడానికి చేతులు రాక చిట్టియ్య గారు కొన్ని పొట్టి మొక్కల్ని తన గుడిసె వెనక కాలవగట్టు మీద పాతుకున్నారు.

తొలకరికి పొడుగువి గుట్టెక్కాయి. రెండు వానలు పడ్డాక పది రోజులు ఎండ కాసింది. మొక్కలన్నీ నడుం వాల్చేసి ఎండిపోయాయి. మేనేజరు గారు చిట్టియ్య గారి మీద విరుచుకుపడ్డారు. నేను పక్కనే లెక్కల పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

టేకు పోయిందని ఆ వానల్లోనే మడుల్లో నేరేడు గింజలు పోయించారు. ఈసారి చిట్టియ్య గారు గుండె రాయి చేసుకుని పందిరి వెయ్యలేదు. వేసవి రాగానే అవి మాడిపోయాయి.

"నీడ ఇస్తే అవి పోయాయి, ఎండ ఇస్తే ఇవి పోయాయి. నేనేం చెయ్యాలో చెప్పండి రైటరుగారూ!" అని నా చెయ్యి పట్టుకున్నారు. నాకేం తెలుసు? "మీ ఖర్మ" అన్నాను, చిరాకులో. ఆ మాట ఆయన నిజమనుకున్నారు.

ఆయన ఉద్యోగం పోయింది. చిట్టియ్య చెయ్యి చెడిందని ఊరంతా పాకింది. తోటలకి పిలవడం మానేశారు. కొన్నాళ్లకి ఆయనే మొక్క ముట్టుకోవడం మానేశారు.

పదిహేనేళ్ల తర్వాత ఒక పొద్దున కాలవగట్టు మీద వెళ్తూ ఆగిపోయాను. గుడిసె వెనక టేకు చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి నీడలో, పిట్టలు రాల్చిన గింజలు కాబోలు, నేరేడు మొక్కలు నవనవలాడుతున్నాయి. ఒకటి ఎండలో గట్టిపడుతుంది, ఇంకొకటి నీడలో బతుకుతుంది. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ తప్పు ఎవరిదో ఆ పూట బాగా అర్థమైంది.

చిట్టియ్య గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. చూపు మందగించింది.

"ఆ రోజు పొడుగువి ఏరింది నేనండి, చిట్టియ్య గారూ. నేరేడు గురించి మనకెవరికీ తెలీదు. మీ చేతిలో ఏ దోషమూ లేదు. మీరు దాచుకున్న పొట్టివి చూడండి, ఎలా ఉన్నాయో!"

ఆయన చాలాసేపు తన అరచేతుల్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నారు.

"అయితే నా చెయ్యి మంచిదేనా అండి?"

"మంచిదేనండి."

"అదేంటండి మరి... మొన్న మా మనవరాలు తలుపులమ్మ గుమ్మడిపాదు పెడుతూ తాతా, ఒక్క గింజ వెయ్యి అని పిలిచిందండి. ఆ పాదు బతకాలని నేను వీధిలోకి వెళ్లిపోయానండి."