ఢిల్లీ మ్యూజియంలో అంబుబాయి అత్త

కరెంటు పోతే సోలాపూర్‌లో మా దాజీ పేట్ ఎలా ఉంటుందో చెప్పాలి మీకు. పొద్దుటి నుంచి టకటకలాడుతున్న మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. చెవులు గుయ్యిమంటాయి. పక్కింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు, వీధి చివర బీడీలు చుట్టే ఆడవాళ్ల నవ్వులు అప్పుడే కొత్తగా వినిపిస్తాయి. అయినా మావాళ్లు అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు. మగ్గం పక్కన పుట్టి పెరిగిన గొంతు, కరెంటు పోయిందని తగ్గుతుందా! నిన్న మధ్యాహ్నం అలాగే పోయింది. కంప్యూటర్లో సగం గీసిన చద్దర్ డిజైన్, అదే దుప్పటి మీద వేసే బొమ్మ, మాయమైపోయేసరికి "సత్యనాశ్!" అని గట్టిగా అరిచాను. ఆ అరుపు అచ్చం అంబుబాయి అత్తదే. ఆమె పోయి చాలా కాలమైంది గానీ, నా గొంతులో ఎక్కడో కాపురముంటోంది.

అత్త అంటే మేనత్త కాదు, మా పక్కింటావిడ. పొట్టి మనిషి, గట్టి మనిషి. భర్త పోయాక నాలుగు మగ్గాలు ఆమె మీద పడ్డాయి. ఆమె మరిది విఠల్ వాటిని నడిపేవాడు, ఈమె సరుకు అమ్మేది. ఏటా వానలు తగ్గగానే చద్దర్ల మూటలు కట్టుకుని ఢిల్లీలో చేనేత, చద్దర్ల ఎగ్జిబిషన్‌కు పోయేది. ఆమెకు హిందీ వచ్చు గానీ అక్షరం రాదు. పన్నెండో తరగతి అయ్యి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను బోర్డులు చదవడానికి తోడు రమ్మంది. మా అమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని "పుణె గూడ చూడని పిల్ల, ఢిల్లీకా?" అంది. "అందుకే తీస్కపోతున్న. చూసిన పిల్లయితే నాకెందుకు?" అంది అత్త. అమ్మ చాట పక్కన పెట్టి నా బట్టలు సర్దడానికి లేచింది.

ఆ ఏడు ఆమె ఢిల్లీ ప్రయాణం మామూలు ప్రయాణం కాదు. విఠల్ మామ చేతులెత్తేశాడు. గులాబీ పువ్వు చద్దర్ ఎవరూ కొనడం లేదు, పనివాళ్లు భివండి మగ్గాలకు వెళ్లిపోయారు, నడుము పనిచేయడం లేదు, మగ్గాలు తుక్కుకు అమ్మేద్దామన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. మా వీధిలో అప్పటికే ఎన్నో ఇళ్ల మగ్గాలు ముక్కలై టెంపోలెక్కాయి. అత్త మాత్రం "దసరా దాంక ఆగు. కొత్త డిజైన్ తెస్త. అది నడవకపోతే నువ్వన్నట్టే చేద్దాం" అని మాటిచ్చింది. డిజైన్ గీసే మాస్టర్ అప్పటికే వేరే కార్ఖానాలో చేరిపోయాడు. మరి డిజైన్ ఎవరు తెస్తారు, ఎక్కడి నుంచి తెస్తారు? అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఎగ్జిబిషన్ మధ్యాహ్నం గానీ తెరిచేవారు కాదు. పొద్దున్నే అత్త నన్ను లేపి, చపాతీ, పల్లీల షేంగా చట్నీ కట్టించి, మ్యూజియంకు బయల్దేరదీసేది. మొదటి రోజు ఆ పెద్ద హాల్లో అడుగు పెట్టామో లేదో, "ఏందే పోరీ, గింత సల్లగున్నది!" అంది. హాలంతా మార్మోగింది. తెల్లవాళ్లు, చుట్టుపక్కల బడిపిల్లలు, అందరూ మావైపే తిరిగారు. గార్డు పరుగెత్తుకొచ్చి "మాతాజీ, ధీరే బోలియే" అన్నాడు, మెల్లగా మాట్లాడమని. "ధీరేనే మాట్లాడుతున్న గద బేటా!" అని అంతకన్నా గట్టిగా చెప్పింది. నాకు భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఆమెకేమీ పట్టలేదు. గార్డుకు చపాతీ ఇవ్వబోయింది, ఇక్కడ తినకూడదని ఆయన మళ్లీ మొత్తుకున్నాడు.

అత్త మ్యూజియం చూసే తీరే వేరు. లోపల ఓ చుట్టు చుట్టి, ఒక్క వస్తువు పట్టుకుని దాని ముందే కూర్చుండిపోయేది. నాకేమో అన్నీ చూడాలని ఆత్రం. "ఇంత దూరం వచ్చి ఒక్కటే చూస్తమా అత్తా?" అంటే, "మంగళారం బజార్ల కూరగాయలు చూసినట్టు అన్ని చూస్తే ఏం యాదుంటది? ఒకటి చూడు, దాన్నే ఇంటికి తీస్కపో" అనేది. ఏదో రాజుగారి జరీ అంగీ ముందు కూర్చున్నప్పుడు, ఇక నేతపని గురించి చెబుతుందనుకున్నాను. ఆమె మాత్రం చాలాసేపు చూసి "గింత బరువు అంగీ తొడుక్కుంటే చెమటలు పట్టవా? ఎవ్వలు ఉతికిండ్రో పాపం" అంది. అద్దాల వెనకున్న ప్రతిదాన్నీ ఎవరో వాడారు, పాడు చేశారు, శుభ్రం చేశారు అనే ఊహ నాకు అప్పటిదాకా రాలేదు. నిజం చెప్పొద్దూ, మ్యూజియం అంటే పరీక్షలో అడిగేవి పెట్టే చోటనుకునేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో మట్టి బండి దగ్గర ఆగింది. అరచేతిలో పట్టేంత ఎడ్లబండి. రెండు గుండ్రటి చక్రాలు, రెండు ఎడ్లు, ఒక ఎద్దుకు కొమ్ము లేదు. వేల ఏళ్ల కిందటి ఆటబొమ్మ అని కార్డు మీద చదివి చెప్పాను. అత్త అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "అయ్యో, కొమ్ము ఇరిగింది. ఆ పోరడు ఎంత ఏడ్చిండో!"

"వేల ఏండ్లయింది అత్తా" అన్నాను.

"అయితే? ఏడుపు ఏడుపే గద."

అని, అలాగే కూర్చుంది. కాసేపటికి నా మోచేయి పొడిచి "గిది గియ్యి" అంది. దేని మీద అని అడిగాను. "చద్దర్ మీద. పిల్లల చద్దర్. మనోళ్లందరు పెద్దోళ్లకే నేస్తరు, పువ్వులు, నెమళ్లు. పోరగాండ్లకు సలి పెట్టదా?" నాకు బొమ్మలు గీయడం వచ్చు, మగ్గానికి గీయడం రాదు. ఆ మాటే చెప్పాను. "వచ్చినోడు ఇడ్సిపెట్టి పోయిండు. రానిదానివి నువ్వన్న ఉన్నవు. చల్, గియ్యి" అంది. నేలమీద కూర్చుని, కొమ్ము లేని ఎద్దుతో సహా ఆ బండిని గీశాను.

సోలాపూర్ వచ్చాక బడిలో లెక్కలకు వాడే గ్రాఫ్ కాగితం మీద బండి గీసి, గడి గడికీ రంగు నింపాను. మా అమ్మ కూడా బీడీలు పక్కన పెట్టి "ఎద్దు మంచిగొచ్చింది" అంది. మగ్గానికి బొమ్మ చెప్పే జకార్డ్ అట్టలకు చిల్లులు గుద్దేవాడు ఇచ్చింది ఇచ్చినట్టు గుద్దాడు. విఠల్ మామ గొణుగుతూనే మగ్గానికి ఎక్కించాడు. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. ఢిల్లీకి పోయి మట్టి బొమ్మలు చూసొచ్చిండ్రు" అని నాకు వినపడేలాగే అన్నాడు. పైగా అదే రోజు తుక్కు కొనే భాయ్‌ని కూడా పిలిపించాడు, మగ్గాలు చూసుకుని పొమ్మని.

మొదటి చద్దర్ దిగింది. అందరం పరిచి చూశాం. చక్రాలు గుండ్రంగా లేవు. నిలబెట్టిన కోడిగుడ్లలా ఉన్నాయి. ఎడ్లు మెడలు సాగి ఒంటెల్లా తయారయ్యాయి. విషయమేమిటంటే, చద్దర్‌లో నిలువునా ఉండే పడుగు దారాలు దగ్గరగా, అడ్డంగా నేసే పేక దారాలు దూరంగా పడతాయి. అందుకని మా పనికి వాడే కాగితంలో గడి చతురస్రంగా ఉండదు, ఆ లెక్కకు తగ్గట్టు నిలువుగా సాగి ఉంటుంది. బడి కాగితం మీద గీస్తే బొమ్మ నిలువునా సాగిపోతుంది. దాజీ పేట్‌లో ఇది ఏ ముసలాయన్ని అడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. విఠల్ మామ తల పట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నాలుగు మగ్గాల ప్రాణం నా చేతుల్లో పెడితే ఇదా నేను చేసింది!

అత్త నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. "అరే, కోడి గుడ్లు పెట్టింది, ఒంటెలు బండి గుంజుతున్నయి!" తర్వాత నా తల దగ్గరికి లాక్కుని "ఏడ్వకే పిచ్చి పోరీ. బండి నడుస్తది, జర ఎగురుకుంట నడుస్తది, గంతే" అంది. తుక్కు భాయ్‌కి చాయ్ ఇచ్చి, ఆ చద్దర్‌ను ఆయన భుజం మీద వేసింది. "తీస్కపో భాయ్, నీ పిల్లలు కప్పుకుంటరు. దసరా తెల్లారి రా, మగ్గాలు తీస్కపోదువు." ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వు కాస్త తడబడింది. మళ్లీ గీసి అట్టలు గుద్దించడానికి రోజులూ లేవు, డబ్బూ లేదు.

దసరా పూట మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసింది అత్త. చివరిసారని అందరికీ తెలుసు. తెల్లారేసరికి టెంపో వచ్చి గుమ్మంలో ఆగింది. విఠల్ మామ మగ్గం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. అమ్మేద్దామన్నది ఆయనే, కానీ ఆ చెయ్యి తీయలేకపోయాడు. భాయ్ ఒక్కడే లోపలికి వచ్చాడు. సంకోచపడుతూ "భాభీ, గా బండి చద్దర్ ఇంకోటి పాహిజే, కావాలె. ఇద్దరు పోరగాండ్లు గుంజుకుంటుండ్రు. పెద్దోడు కప్పుకుంటే చిన్నోడు ఒకటే ఏడుపు" అన్నాడు.

"ఏడ్చిండా?" అంది అత్త. "నిజంగ ఏడ్చిండా?"

"అరే, ఇల్లంత నెత్తికెత్తుకున్నడు భాభీ!"

అప్పుడు అత్త ముఖం చూడాలి. ఒక పిల్లాడు ఏడ్చాడని అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. "విన్నవా మరిదీ? మగ్గాలు చాలూ చెయ్, నడిపియ్!" అని వీధి వీధంతా వినపడేలా అరిచింది. విఠల్ మామ దారం కండె తీసి, పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టాడు. టెంపో ఖాళీగా వెళ్లిపోయింది.

తర్వాత సరైన కాగితం మీద గీయడం నేర్చుకున్నాను. గుండ్రటి చక్రాల బండీ నేశాం. గుడ్డు చక్రాల బండినీ అత్త ఆపనివ్వలేదు, అడిగేవాళ్లున్నారంది. ఆమె ఉన్నన్నాళ్లూ ఏటా ఢిల్లీ వెళ్లాం, ఏదో ఒక్కదాని ముందే కూర్చుని వచ్చాం. ఇప్పుడు గడుల లెక్కలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. అది చూడలేనిది ఒకటుంది, దాన్ని నేనే చూసుకోవాలి. ఏ చద్దర్‌కు ఏ బొమ్మ గీసినా, పంపేముందు ఒక్క క్షణం ఆగుతాను. దీన్ని లాగేసుకుంటే ఎక్కడైనా ఒక పిల్లాడు ఏడుస్తాడా? ఏడవడనిపిస్తే, చెరిపేసి మళ్లీ మొదలుపెడతాను.