ఉప్పు లేని గుండె కోసం

మిరపచేల మధ్య పుట్టి పెరిగి, జాడీడు పండుమిరపకాయల పచ్చడిని గేదె కూడా మొహం తిప్పుకునేలా తగలేసిన ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి.

ఎనభైల్లో మాట. గుండెపోటు వచ్చిన మావారిని గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. ఉప్పు తగ్గించమన్నారు డాక్టరుగారు. మద్రాసు కాలేజీలో ఫిజిక్సు చెప్పే మా మరిది సుబ్బారావు అన్నగారిని చూడ్డానికి వచ్చాడు.

"వదినా, విదేశాల్లో పెద్ద అయస్కాంతంతో కొత్త యంత్రం చేస్తున్నారు. మనిషిని అందులో పడుకోబెడితే, కొయ్యకుండానే గుండెలో ఉప్పు ఎక్కడుందో బొమ్మ పడుతుంది."

"మీ అన్నయ్య గుండెలోనూ కనబడుతుందా?"

"ఎందుకు కనబడదూ? దెబ్బతిన్న చోట ఇంకా ఎక్కువ..."

ఇన్నేళ్లూ నా చేత్తో వేసిన ఉప్పంతా ఆయన గుండెలో మూటలు కట్టుకు కూర్చుందన్నమాట! మిగతా మాట వినకుండా వంటింట్లోకి పరిగెత్తి, ఇంట్లో ఉప్పంతా ఎదురింటి రత్తమ్మకిచ్చేశాను. ఊరికే కాదు లెండి, బదులు చింతపండు తీసుకున్నాను.

ఆ చింతపండుతోనే ఏడాది పచ్చడి తొక్కుతుంటే రత్తమ్మ కేకలేసింది.

"ఉప్పెయ్యవేంటే పిచ్చిమొహమా? నిలవుంటుందా అది?"

"నిలవుండాల్సింది మా ఆయన. పచ్చడి సంగతి తరవాత!"

కొన్నాళ్లకి జాడీ మూతికి కట్టిన గుడ్డ బూరెలా పొంగింది. విప్పితే పచ్చడి తెల్లదుప్పటి కప్పుకున్నట్టు బూజు. పారేయడానికి చేతులు రాలేదు.

"పైపైన తీసేస్తే లోపల బాగానే ఉంటుందండీ."

"ఏమే, వచ్చిన గుండెపోటు చాల్లేదా నాకు?"

మళ్లీ వచ్చిన మరిదితో గర్వంగా అన్నాను: "ఇప్పుడు తీయించు ఆ బొమ్మ. రవ్వంత ఉప్పు కనబడితే నన్నడుగు."

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయ్యో వదినా! ఉప్పే లేకపోతే గుండె కొట్టుకోదు. అది అందరి గుండెల్లోనూ ఉంటుంది. డాక్టరు కూరలో తగ్గించమన్నాడు గానీ, అసలే మానెయ్యమన్నాడా?"

"ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ?"

"చెబుతుంటే లేచిపోయావుగా!"

మంచం మీంచి మావారు అన్నారు: "నవ్వకురా. ఆ యంత్రమేదో వస్తే ముందు మీ వదిన గుండె చూడమను. నాకు చప్పిడి కూడు పెట్టి, తనకి వేరే వండుకోవచ్చని ఒక్కపూట కూడా తట్టలేదు దానికి."

"రెండు వంటలకి కిరసనాయిలు ఎవరిస్తారు?" అని కసిరి పెరట్లోకి వెళ్లాను.

ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట గుండె సంగతి ఎవరు చెప్పినా, మాట పూర్తయ్యేదాకా పీట మీంచి లేవను. పొయ్యి మీద పాలు పొంగినా సరే. గిన్నె నిండా ఉంటే మాత్రం చెప్పలేను.