ఎలుకల సారు కోయకుండా వదిలిన గడ్డి

మొన్న ఆనందపురం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడితే, పచ్చిగడ్డి మోపులతో ఒక ఆటో పక్కనే వచ్చి ఆగింది. వానకు తడిసిన ఆ గడ్డి వాసనకు నాకు నవ్వొచ్చేసింది. పక్కనున్నావిడ అనుమానంగా చూసి కొంచెం దూరం జరిగింది. నాకు సన్యాసిరావు గారు గుర్తొచ్చారని ఆవిడకేం తెలుసు!

ఆయన నా మొదటి బాసు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసి రిటైరై, భీమిలి వైపు ఒక డెయిరీ యజమానికి చెందిన గడ్డి భూములు చూసుకునేవారు. నేను సూపర్‌వైజర్‌గా చేరిన ఏడాది వానలు దండిగా పడ్డాయి. గడ్డి ఏపుగా పెరిగింది, దాంతోపాటు ఎలుకలూ పెరిగాయి. అడుగేస్తే బొరియలో కాలు దిగబడేది. మందు పెట్టమని యజమాని హుకుం. ఈయన ససేమిరా అన్నారు.

"మందు తిన్న ఎలకని తింటే గద్దా సచ్చిపోతాది. మరి రేపు ఎలకల్ని ఎవులు పడతారు, నువ్వా నానా?" అని, గద్దలు వాలడానికి గడ్డిలో అక్కడక్కడ కర్రలు పాతించారు. కూలీలు చాటుగా 'ఎలకల సారు' అని పేరు పెట్టేశారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

ఎక్కడినుంచి వచ్చాయో, కొన్నాళ్ళకు ఎర్ర కళ్ళ తెల్ల గద్దలు దిగాయి. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, దబ్బున కిందికి దూకేవి. చీకటి పడితే గుడ్లగూబలు, నక్కలు. ఆయన సంబరం చూడాలి! "పగటి ఎ షిఫ్టు దిగిపోనాది, రేతిరి సి షిఫ్టోలూ వత్తన్నారు!" అంటూ మగపెళ్ళివారు వచ్చినంత హడావిడి. తిండి పుష్కలంగా ఉన్న ఏడాది గుడ్లగూబలు ఎక్కువ పిల్లల్ని పెంచుతాయని నాకు చెప్పింది ఆయనే.

వేసవికి ఎలుకలు తగ్గాయి. వాటితోపాటే గద్దలూ వెళ్ళిపోయాయి. నాకు దిగులేసింది.

"ఎల్లనీయమ్మా. తిండెక్కడుంటే ఆటి ఊరదే. పాములూ ముంగిసలూ మాత్రం మనవే, కప్పో తొండో తిని ఇక్కడే ఉంటాయి. ఆటికి నాలుగు ఎలకలు మిగల్సాల గదా?" అని, ఒక మూల గడ్డిని కోయకుండా వదిలేశారు.

యజమాని వచ్చి ఆ మూల చూసి మండిపడ్డారు. అదే ఊపులో నన్ను చూపించి, "వేసవిలో గడ్డి పనే లేనప్పుడు ఈ అమ్మాయికి జీతమెందుకు? మానిపించెయ్యండి" అన్నారు. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే.

సన్యాసిరావు గారు భుజం మీది తువ్వాలు దులిపారు. "పనున్నప్పుడే మనిసి కావాలంటే, పని మీదపడ్డనాడు మనకెవులొత్తారండీ? తియ్యాలంటే ముందు నన్ను తీసీండి" అన్నారు.

యజమాని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. నా ఉద్యోగం నిలిచింది, ఆ మూల గడ్డీ నిలిచింది. అంతటి ప్రేమ మా నాన్న మీద కూడా నాకెప్పుడూ కలగలేదు. మళ్ళీ వానలకు ఎలుకలు పుంజుకుంటుండగానే, గద్దల కోసం ఎదురుచూడకుండా, ముంగిసలు పనిలోకి దిగాయి.

ఆయన ఇప్పుడు లేరు. నేను వన్ టౌన్‌లో ఒక గోదాము నడుపుతున్నాను. ఈమధ్య సరుకు రావడం తగ్గింది. ఇద్దరు హమాలీలను తీసేయమని పైఆఫీసు కుర్ర మేనేజరు ఫోన్ చేశాడు. తీయనన్నాను. ఎందుకని అడిగితే ఎలుకలు, గద్దలు, ముంగిసలు అంటూ మొదలుపెట్టి కథంతా చెప్పేశాను.

అంతా విని, "మేడమ్, మీరు బాగానే ఉన్నారా?" అన్నాడు.

"నేను బాగానే ఉన్నాను బాబూ. వాళ్ళూ ఇక్కడే ఉంటారు" అన్నాను.