ఖాళీ గంపతో చేపల కేక

మొన్న ఉదయం కావలి దగ్గర హైవే పక్కన టీ తాగుతుంటే, హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్లు ఆపి, చేతి గడియారాల్లో గుండె వేగం చూసుకుని, ఇంకా మెల్లగా తొక్కాలని చెప్పుకోవడం విని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ సంగతి వాళ్ల వయసులోనే, మా ఊరి గ్రంథాలయంలో అట్ట ఊడిన వ్యాయామ పుస్తకం ఒకటి చదివి తెలుసుకున్నవాణ్ణి నేను.

అప్పట్లో జువ్వలదిన్నె ఒడ్డున చేపలు ఎత్తుకుని సైకిళ్ల మీద కావలి బజారుకు చేర్చడమే నాయనకూ నాకూ జీవనం. ఎండెక్కితే చేప చెడిపోతుంది గనుక నిదానమనేది మాకు తెలియదు. పాత బరువు సైకిళ్లు తొక్కిన మీకు ఆ ఆయాసం గుర్తుండే ఉంటుంది. కావలి నుంచి నెల్లూరుకు పెట్టిన సైకిల్ పందేనికి ఆ పుస్తకం ఇచ్చిన ధైర్యంతో నేను పేరిస్తే, ఓడితే ఇక పుస్తకాల జోలికి పోకూడదని నాయన షరతు పెట్టాడు. బడి మధ్యలోనే మానేసిన నాకు ఆ గ్రంథాలయమే బడి.

మొదట కొన్ని నెలలు మాట్లాడుతున్నా ఊపిరి తెగని వేగంతో దూరాలు తొక్కి ఒంటికి పునాది వేసుకోవాలనీ, తర్వాత కొన్నాళ్లు గట్టిగా తొక్కాలనీ, చివరి వారం బాగా తగ్గించి ఒంటిని తేరుకోనివ్వాలనీ పుస్తకం చెప్పింది. చేపలతో మెల్లగా రాలేను కాబట్టి, తిరుగు దారిలో ఖాళీ గంపతో ఊళ్లన్నీ చుట్టి వచ్చేవాణ్ణి. ఊపిరి పరీక్షకు నా నోటికి అలవాటైన మాట “చేపలోయ్!” ఒక్కటే, కేక తెగకుండా సాగితే వేగం సరిపోయినట్టు. చేపలకని ఆడవాళ్లు గిన్నెలతో బయటికొచ్చి, తీరా గంప ఖాళీగా ఉంటే, “ఖాళీ గంపకు కేకలేందబ్బయా, ఎండదెబ్బ తగిలిందా?” అని తిట్టిపోసేవాళ్లు. కొన్నాళ్లకు, “వాడేలే, ఊపిరి చూసుకుంటుండాడు” అని లోపలినుంచే నవ్వేవాళ్లు.

పుస్తకం మాట విని చివరి వారం నేను మంచమెక్కితే నా గంప కూడా నాయన మీదే పడింది. “పందెం పెట్టుకోని పడుకునేదేందిరా? పడవ ఒడ్డునుంటే చేపలే ఎగిరొచ్చి పడతాయా?” అని రోజూ ఒకటే సాధింపు. నాకేదో జబ్బు చేసిందని అమ్మ దిష్టి తీసింది. నాకూ లోపల భయమే గానీ, పుస్తకాన్ని నమ్మాను.

పందెంలో మొదట అందరూ నన్ను దాటిపోయారు. కోవూరు వచ్చేసరికి ఒక్కొక్కరే డీలాపడి వెనకబడ్డారు. పెన్న వంతెన మీద నా ముందు ఎవరూ లేరు. ఆ సంతోషంలో “చేపలోయ్!” అని అరిచాను. కేక తెగలేదు.

మర్నాడు బజారులో నాయన, “మావాడు వారమంతా పడుకోని గెలిచినాడు, చూసుకోండి!” అని చేపలను మరిచి నన్ను చాటుకున్నాడు. ఆ సాయంత్రం తన సైకిల్ మీదే నన్ను గ్రంథాలయం మెట్ల దగ్గర దింపాడు.

ఇప్పుడు చేపలు ఐసు పెట్టెల్లో వ్యాన్లెక్కి పోతున్నాయి. ఊపిరి సంగతి గడియారాలే చెబుతున్నాయి, మంచిదే. ఇవాళ్టికీ ఆ దారుల్లో నిదానంగా తొక్కుతూ ఒక కేక వేసి చూసుకుంటాను. అది తెగడం లేదు గానీ, గిన్నె పట్టుకుని బయటికొచ్చి నన్ను తిట్టే మనిషే ఏ గుమ్మంలోనూ కనిపించడం లేదు.