అద్దాల బీరువాలో దాయమ్మ సంచి

ఆ రోజుల్లో ఉపన్యాసం ఇస్తే లోకం మారుతుందని నాకు గట్టి నమ్మకం (దేవుణ్ణి నమ్మనివాడికి ఏదో ఒక నమ్మకం కావాలి కదా). భువనగిరిలో ఒక బడిలో టెంపరరీ పంతులుగా చేరిన కొత్త. ఆడవాళ్ల ఘనత ఊరికి తెలియాలని వాదించి వాదించి, హెడ్మాస్టరు దగ్గర ఒక గది సంపాదించి, 'తొలి అడుగు వేసిన స్త్రీలు' అని ప్రదర్శన పెట్టాను. అందులో మా ఊరి మొదటి పంతులమ్మ పలక ఉంది, కోర్టుకెక్కి తన భూమి తాను గెలుచుకున్న ఒక అవ్వ అర్జీ ఉంది. అన్నిటికన్నా మిన్న, కాన్పులు చేయడం పట్నం దవాఖానలో నేర్చుకొచ్చిన మా మొదటి దాయమ్మ తోలు సంచి, అందులో ఆమె కత్తెర. "రెండు దినాలే గద" అని ఇచ్చింది. అద్దాల బీరువాలో పెట్టి, పక్కన ఆమె గురించి రాసిన అట్ట నిలబెట్టి, తాళం వేశాం.

ప్రారంభం నాటి మధ్యాహ్నం, తాళంచెవి జేబులో వేసుకుని హెడ్మాస్టరు ముఖ్య అతిథిగా వచ్చే ఆఫీసరు కోసం స్టేషనుకు పోయాడు. అంతలో దాయమ్మ వగరుస్తూ వచ్చింది.

"సారూ, నా సంచి ఇయ్యి. కోట కింది పిల్లకు నొప్పులొస్తున్నయ్. తొలికాన్పు."

"ఆఫీసరుగారు చూశాక ఇస్తానమ్మా. అదిప్పుడు చరిత్ర," అన్నాను (నిజంగానే అన్నాను).

"మీ ఆఫీసరును గూడ ఎవరో ఒక దాయి బయటికి తీసిందే గద. గా అట్ట మీద ఏం రాసినవ్?"

చదివి వినిపించాను. ఆమె తెగువ, ఆమె సేవ, మనమంతా ఆమెకు రుణపడిన సంగతి.

"మంచిగుంది. నేను బతికున్నట్టు ఎక్కడన్న రాసినవా?"

రాయలేదు. అద్దం పగిలితే నా నౌకరీ పోతుందని ఒక్క క్షణం (సరే, రెండు క్షణాలు) ఆలోచించి, బడిగంట సుత్తె తెచ్చి కొట్టాను. గాజు గుచ్చుకుంటుందని నన్నే పక్కకు జరిపి సంచి తీసుకుంది. "ముందు ఉరుకు, నీళ్లు కాగబెట్టుమని చెప్పు" అంది. పంచె ఎగగట్టి ఉరికాను.

తిరిగొచ్చేసరికి ఆఫీసరు ఖాళీ బీరువా ముందు నిలబడి ఉన్నాడు. "ఇందులో వస్తువేది?"

"పనికి పోయింది సార్."

హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. ఆఫీసరు మాత్రం అట్ట ఇంకోసారి చదివి, కుర్చీ లాక్కుని, ఆమె వచ్చాకే సభ అన్నాడు. నా నౌకరీ ఆ కుర్చీతో నిలిచింది.

పొద్దుగూకే వేళకు దాయమ్మ వచ్చింది, కొంగు ఇంకా తడిగానే ఉంది. "ఆడపిల్ల. తల్లీ బిడ్డా మంచిగున్నరు." ఆమె కోసం కుర్చీ వెతికితే లేదు. ఊరంతా కరపత్రాలు పంచిన నాకు, ఆమెను పిలవాలని తట్టనే లేదు. ఆఫీసరే లేచి తన కుర్చీ ఇచ్చాడు.

పోతూ పోతూ ఆమె నాతో, "మల్ల ఎప్పుడన్న గిట్ల పెడితే ముందే చెప్పు సారూ, పని లేని దినం జూసి వస్త" అంది. ఆ తర్వాత ప్రతి ఏడూ చెప్పాను. అలాంటి దినం ఆమెకు ఒక్కటీ దొరకలేదు.