మూల టైల్ కింద తడి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నవ్వుకునే ఇంట్లో పెరిగాను. నాన్న చర్చి బడిలో సైన్సు మాస్టారు. చీకట్లో ఏదో కనిపించిందని ఏడిస్తే టార్చిలైటు చేతికిచ్చి చూసి రమ్మనేవారు. నేనూ జువాలజీలో డిగ్రీ చేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. సిగ్గు కంటే ఎక్కువగా రోతగా ఉంది. పాప, మా ఆయన నిద్రపోయారు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

మాది అరకు దగ్గర. కాఫీ తోట అంచున గుడారాలు వేసి టూరిస్టులకు అద్దెకిస్తాం. పాప పుట్టిన కొన్నాళ్లకు మా ఆయన ప్రభు ఒక పాత ట్రైలర్ తెచ్చాడు. జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల గది అది. పైన అల్యూమినియం రేకు, గుండ్రటి మూలలు, లోపల రెండు బల్లలు, చిన్న వంటగట్టు. రాజవొమ్మంగి వైపు ఒక పాత మిషన్ బంగళా పెరట్లో ఏళ్ల తరబడి పడి ఉందట. ఒకప్పుడు నర్సమ్మలు దాన్ని కొండ ఊళ్లకు తీసుకెళ్లి కాన్పులు చేసేవారట. ప్రభుకి ఆ కథ నచ్చింది. నాకు దాని వాసన నచ్చలేదు.

మా తోటలో పనికొచ్చే సోములమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఈ డబ్బాలో తొంగోడానికి పట్నపోళ్లు డబ్బులిత్తారా? మా గొడ్లపాకలో తొంగోమను బాబూ, టీ కూడా ఇత్తాను" అంది. ప్రభు పడి పడి నవ్వాడు.

నేల మీది పాత షీటు లాగితే కింద ప్లైవుడ్ నల్లబడి, నానిన బ్రెడ్డులా ఉబ్బి ఉంది. వేలు పెడితే దిగిపోయింది. జెర్రులు, ఎలుక పెంటికలు, ఉండ కట్టిన పొడవాటి వెంట్రుకలు. ఆ రోజు అన్నం సహించలేదు. ప్రభు ఆ చెక్కంతా పీకేసి కొత్తది వేశాడు. టైల్స్ పని నేను తీసుకున్నాను. కొలతల దగ్గర ఆయనకు ఓపిక ఉండదు.

ఘాట్ రోడ్డు కుదుపులకు మామూలు టైల్స్ పగిలిపోతాయి కాబట్టి ప్లాస్టిక్‌లా వంగే వినైల్ టైల్స్ తెచ్చాం. నేల మధ్యలో సుద్దదారంతో గీతలు కొట్టి, అక్కడి నుంచి గోడల వైపు అతికించుకుంటూ పోవాలి. అంచుల్లోకి ముక్కలు కోయాలి. స్టీలు స్కేలు ఆనించి కత్తితో ఒక గాటు పెట్టి విరిస్తే గీత వెంట విరుగుతుంది. మా చలికి అవి పెళుసెక్కుతాయి. కాసేపు ఎండలో పెట్టి కోసేదాన్ని. తలుపు పక్క మూలలో చక్రం మీది పెట్టె లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడికి ముందు కాగితం కత్తిరించి, ఆ ఆకారానికి టైల్ కోశాను. చక్కగా కూర్చుంది.

అప్పటికే నాకు పాలు ఆగిపోయాయి. జ్వరం వచ్చి తగ్గాక మళ్లీ పడలేదు. పాప సీసా నోట్లో పెట్టనివ్వదు. చెంచాతో పోస్తే ఉమ్మేస్తుంది. ఉగ్గు పెడితే కక్కేస్తుంది. ఒళ్లు కడుగుతుంటే పక్కటెముకలు చేతికి తగిలేవి. అంగన్‌వాడీలో తూకం వేసిన ప్రతిసారీ టీచరమ్మ నా మొహంలోకి చూడకుండా ముల్లు చూసేది. పాప బరువు పెరగాలి. ఆ రోజుల్లో నా బుర్రలో ఇంకేమీ లేదు. టైల్స్ కోస్తున్నంతసేపైనా ఆ ముల్లు గుర్తు రాదని కోశాను.

అతికించిన మర్నాడే ఆ మూల ముక్క లేచి ఉంది. కింద తెల్లగా, చిక్కగా తడి. గమ్ము ఆరలేదనుకుని వాసన చూశాను. పాలు కారి ఎండిన జాకెట్టును మర్నాటిదాకా ఉతక్కపోతే వచ్చే పులుపు వాసన. పాలిచ్చిన ఆడదానికి అది చెప్పనక్కర్లేదు. బయటికి పరిగెత్తి కక్కుకున్నాను.

గీకేసి, ఆరబెట్టి, కొత్త ముక్క కోసి అతికించాను. పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను. మళ్లీ లేచింది. ట్రైలర్ కిందకి దూరి చూశాను. అడుగు చెక్క ఎర్రదుమ్ముతో పొడిగా ఉంది. పైకప్పు కారడం లేదు. వానలూ లేవు.

ఒక మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని టైల్ కోస్తున్నాను. లోపల పాప పాకుతూ ఉంది. కాసేపటికి చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఆ మూలలో బోర్లా పడుకుని ఉంది. చెంప నేలకు ఆనించి చప్పరిస్తోంది. పిడికిలితో టైల్‌ను మెల్లగా నొక్కుతోంది. నా దగ్గర తాగేటప్పుడు నన్ను అలాగే నొక్కేది. లాగితే గుక్కపెట్టి ఏడ్చింది. పెదాల చుట్టూ తెల్లగా ఉంది. నా భుజం మీద త్రేన్చింది. విరిగిన పాలు నా మెడ మీదుగా జాకెట్టులోకి కారాయి. అంతసేపూ నా బిడ్డనే దూరంగా విసిరేయాలనిపించింది.

"ఏటే, గమ్ము తినేసిందా?" అని ప్రభు బండి తీశాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, ఏమీ లేదన్నారు. తూకం వేశారు. పోయినసారి కంటే పెరిగింది. అంటే పాప ఆ మూలకు పోవడం అదే మొదటిసారి కాదు. "ఏ పాలు పడుతున్నారో అవే పట్టండి" అన్నారు. ప్రభు మొహం వెలిగింది. నేను పాప మూతి మళ్లీ తుడిచాను.

సోములమ్మకు మాత్రం చెప్పాను. చేస్తున్న పని ఆపేసింది.

"బాలింత పాలు తొక్కే సోట పొయ్యకూడదమ్మా. సెట్టు మొదట్లో పొయ్యాల. బిడ్డ పోయినా పాలు ఆగవు కదేటి? పిండుకోవాలి. ఆ డబ్బాలో ఏ తల్లి పిండి నేల మీద పోసేసిందో."

"నమ్ముతావా ఇదంతా?"

"నమ్మకం ఏటి, నాకు రోత." పక్కకు తిరిగి ఉమ్మింది. "నానింక అందులో అడుగెట్టను. బేగి మూసీ దాన్ని."

పాప మళ్లీ గమ్ము నాకుతుందేమోనని చెబితే ప్రభు ఆ మూలకు రేకు కొట్టి స్క్రూలు బిగించేశాడు. వాసన పోయింది. పాప మళ్లీ తగ్గడం మొదలైంది. బుగ్గలు లోపలికి పోయాయి. ట్రైలర్ తలుపు దగ్గరికి పాక్కుంటూ పోయి గోళ్లతో గీరేది. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేది.

ప్రభు గెస్టుల కోసం టైడా స్టేషన్‌కి వెళ్లిన ఒక మధ్యాహ్నం స్క్రూలు విప్పాను. కింద ముక్క లేచే ఉంది. తడిగా ఉంది. పాపను దించాను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాను. గుటక గుటక వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు నా దగ్గర ఎప్పుడూ అంత గట్టిగా రాలేదు. అసూయ కూడా కలిగిందంటే మీరు నమ్మరు.

పాప రాగిజావ తాగడం నేర్చుకునేదాకా రోజూ అలాగే చేశాను. ఆయనకు చెప్పలేదు. పాప గిన్నెడు జావ తాగిన వారంలోనే మూల ఎండిపోయింది. ముక్క తీసి చూస్తే చెక్క మీద మరక కూడా లేదు. గమ్ము పూసి నొక్కితే ఈసారి అతుక్కుంది.

తేమ తగిలితే గమ్ము తెల్లబడుతుందని తెలుసు. పిల్లలు మన్నూ సున్నమూ నాకుతారనీ తెలుసు. ఇవన్నీ నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ గమ్ము నాకి ఏ బిడ్డా బరువు పెరగదు. నా మెడ మీద కారింది గమ్ము కాదు.

పాప ఇప్పుడు బడికెళ్తోంది. బొద్దుగా ఉంటుంది. పాలగ్లాసు చూపిస్తే మాత్రం ముక్కు మూసుకుంటుంది. ట్రైలర్‌లో దిగినవాళ్లు ఫ్లోరింగ్ ఎవరు చేశారని అడిగితే ప్రభు గర్వంగా నన్ను చూపిస్తాడు.

ఈ నెల నాకు తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ప్రభుకి కూడా.

ఇవాళ గెస్టులు ఖాళీ చేశాక ట్రైలర్ తుడవడానికి వెళ్లాను. తలుపు పక్క మూల ముక్క గోరు పట్టేంత లేచి ఉంది. వంగకుండానే వాసన తెలిసింది. మామూలుగా అయితే కాలితో నొక్కేయాలి. కాలు ఎత్తాను కూడా. పెట్టలేకపోయాను. దాన్ని తొక్కకుండా పక్కగా అడుగేసి, మెట్టు దిగి, కాఫీ మొక్క మొదట్లో కక్కుకున్నాను.

అది వేవిళ్లో, రోతో నాకే తెలియదు.