షెడ్డు వెనక పోసిన ఆయిల్

ఆ మధ్యాహ్నం కోట అనే మా ఊరి మెకానిక్ షెడ్డులో ముగ్గురం ఉన్నాం. మా దానియేలు బావ, అంటే అక్క భర్త. ఆయన పనిచేసే రొయ్యల గుంతల ఓనరు. నేను. ఇక వస్తువులు: ఇంజన్ పట్టేసిన నూటయాభై సీసీ బండి, అది బావది. బెంచీ మీద విప్పి పెట్టిన స్పార్క్ ప్లగ్గు. బావ చేతిలో తడిసిన తువ్వాలు. గోడ అరలో ఒక కొలత గ్లాసు. అప్పుడే కడిగాను, ఇంకా నీళ్లు కారుతున్నాయి.

ఆ గ్లాసును ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది దాన్నే.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను. జాలి పడొద్దు. నామీద నాకే జాలి లేదు, కోపం ఉంది.

అప్పుడు మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. సెలవుల్లో ఆ షెడ్డులో పనిచేసేవాణ్ణి. షెడ్డు యజమాని ఊళ్లో లేనప్పుడు తాళం నాకే ఇచ్చేవాడు. ఫోన్ నిండా వీడియోలు. ఫిల్టర్ మార్చు, సైలెన్సర్ మార్చు, బండి ఎగురుతుంది. నాకు బండి లేదు. బావకు ఉంది. "సర్వీసు చేసి పెడతా బావా" అని తీసుకున్నాను. అది మొదటి అబద్ధం.

చేసినవి వరసగా చెబుతాను. కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి గాలి ఎక్కువ లాగే ఓపెన్ ఫిల్టర్ పెట్టాను. లోపల ఏ అడ్డూ లేని సైలెన్సర్ బిగించాను. ఇంజన్ హెడ్‌ను లేతు మిషన్ మీద కొంచెం అరగదీయించి కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, పెంచాను. చేయనిది ఒక్కటే. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ మార్చలేదు. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, లేకపోతే ఇంజన్ లోపల వేడెక్కి కాలిపోతుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు. పెద్ద జెట్ తెప్పించమని చెప్పాను, రాలేదు. వచ్చేదాకా ఆగలేదు.

సముద్రం పక్క రోడ్డు మీద బండి తోలి ఫోన్లో స్పీడు చూసుకున్నాను. అంతకుముందు నూట ఎనిమిది. ఇప్పుడు నూట పన్నెండు. నాలుగు కిలోమీటర్లు. అయినా ఆ నాలుగు కోసం చేశానా? కాదు. శబ్దం కోసం చేశాను. బీచికొచ్చిన కుర్రాళ్లు తల తిప్పి చూడడం కోసం చేశాను.

బండి తిరిగి ఇస్తే బావ నవ్వాడు. "ఏంది బామ్మర్దీ, దీనికి దగ్గు పట్టుకొన్నెట్టుందే" అన్నాడు. పెద్ద జెట్ వేసేదాకా బరువు వేయొద్దు బావా. ఈ ఒక్క మాట చెప్పాల్సింది. చెబితే ఏం మార్చానో చెప్పాలి. బండి తాళం ఆయన చేతిలో పెట్టి పంపేశాను.

రొయ్యల గుంతల్లో నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతుంటాయి. అవి ఆగితే రొయ్యలకు గాలి అందదు. బండి పట్టేసిన రోజు తెల్లవారుజామున మబ్బు కమ్మి ఉంది. కరెంటు పోయి చాలాసేపైంది, జనరేటర్‌లో డీజిల్ అయిపోవచ్చింది. బావ కోటకు వచ్చి, రెండు పెద్ద క్యాన్లు నింపి బండికి కట్టుకుని, గుంతల మధ్య ఇసుక గట్టు మీద తక్కువ గేర్లో బండిని పిండుకుంటూ పోయాడు. సగం దారిలో ఇంజన్ పట్టేసింది. నాకే ఫోన్ చేశాడు. నేను ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లి, క్యాన్లనూ ఆయన్నూ గుంతల దగ్గర దించేసరికి ఒక గుంతలో రొయ్యలు చచ్చి పైకి తేలిపోయాయి. వాటిని ఎత్తడానికి తీసిన వల అక్కడే పెట్టి, గట్టు మీద కూర్చుండిపోయాడు బావ.

నేను బండిని అదే ఆటోలో షెడ్డుకు తెచ్చాను. ఒక్కణ్ణే ఉన్నాను. ప్లగ్గు విప్పాను. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలక కాలిన ఇంజన్ గుర్తు అది. ఆయిల్ చూశాను. నిండుగా ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది? ప్రతి ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, బయలుదేరే ముందు ఆయిల్ చూసుకునే మనిషి బావ.

ఓనరు వస్తున్నానని ఫోన్ చేశాడు. ఎందుకు పట్టేసిందని అడుగుతాడు. నాకొక కారణం కావాలి. నాది కాని కారణం. కింద ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు విప్పాను. ఏది బయటికి వచ్చినా కొలవాలని కాలేజీ ల్యాబులో నేర్పారు. వెధవ అలవాటు, కొలిచాను. షెడ్డు వెనక ఇసుకలో పారబోశాను. బోల్టు బిగించాను. గ్లాసు కడిగాను. భయంతో చేశానని చెప్పుకోవచ్చు. కానీ చాలా శుభ్రంగా, వరసగా చేశాను.

వాళ్లిద్దరూ వచ్చారు. నేను ఆయిల్ మట్టం చూసే పుల్ల బయటికి తీసి చూపించాను.

"ఆయిల్ లేదు సార్. ఎండిపోయి పట్టేసింది."

బావ వంగి చూశాడు. "మొన్ననే చూసినానే. నిండుగా ఉండె."

"ఎక్కడో కారిపోయి ఉంటది బావా. బయలుదేరే ముందు చూసుకోవాల గదా."

ఆయన నా మొహంలోకి చూశాడు. అనుమానంగా కాదు. అనుమానంగా చూసినా బాగుండేది. "నువ్వు చదివినోడివి, నువ్వు చెప్పినాక ఇంకేముంది. నేనే సరిగా చూసుండను" అన్నాడు.

ఓనరు పుల్లను పక్కన పడేశాడు. "బండికి ఆయిల్ చూసుకోలేనోడివి, నా గుంతలేం చూస్తావయ్యా?"

పని అక్కడికక్కడే పోయింది. అంతకన్నా చెడ్డది ఆ మాట పాకిన దూరం. కోట చుట్టుపక్కల గుంతలున్న ప్రతి గట్టు మీదా అది తిరిగింది. గుంత అప్పగించి ఇంటికి పోయి పడుకోవచ్చని పేరున్న మనిషికి ఇంకెవరూ గుంత అప్పగించలేదు. ఇప్పుడు నాయుడుపేటలో ఒక గోడౌను గేటు దగ్గర కూర్చుంటాడు.

ఆ తర్వాతి ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ బావ లేచాడు. మా గుడిలో దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి లేస్తారు. ఆయన తప్పు ఒప్పుకోవడానికి లేచాడు. "నా అజాగ్రత్త వల్ల ఒక మనిషి పంట పోయింది. దేవుడూ మీరూ నన్ను క్షమించాల" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుడిలో మైకు సెట్టు చూసేది నేనే. ఆయన గొంతు సన్నగా వస్తుంటే నేనేం చేశానో తెలుసా? వాల్యూమ్ పెంచాను.

నా తప్పును ఆయన ఒప్పుకుంటుంటే వెనక కూర్చున్నవాళ్లకు కూడా వినపడేలా చూశాను.

ఎవరి మీద ఈ కోపం? కొన్నాళ్లు వీడియోల మీద పెట్టాను. వీడియో వచ్చి నా చేత బోల్టు విప్పించిందా? కొన్నాళ్లు ఓనరు మీద. కొన్నాళ్లు, సిగ్గు లేకుండా, బావ మీదే. తన కళ్లు చూసినదాన్ని వదిలేసి నా చదువును ఎందుకు నమ్మాలి? ఒక్కసారి గట్టిగా, లేదురా, ఆయిల్ ఉండె, అని ఎందుకు అనలేదు? అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణా? లేదు. ఇంకో అబద్ధం రెడీగా ఉంది.

ఇప్పుడు నెల్లూరులో ఒక వర్క్‌షాపులో ఇదే పని చేస్తున్నాను. కుర్రాళ్లు వస్తారు. "ఫిల్టర్, సైలెన్సర్ పెట్టిస్తే వర్తేనా అన్నా, డబ్బుకు తగ్గట్టుంటదా?" అని అడుగుతారు. ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండి అయితే, అన్నీ మార్చి, అన్నీ సరిచూసుకుంటే వర్తే. బరువులు మోసే బండికి, ఇల్లు గడిపే బండికి కాదు. తయారుచేసినవాళ్లు వేడి, బరువు, రోడ్డు అన్నీ లెక్కపెట్టి ఆ జెట్ పెట్టారు. నువ్వు ఒకటి కదిపితే మిగతావన్నీ కదపాలి. "జెట్ తర్వాత వేద్దాంలే అన్నా" అంటాడు ఒకడు. వాడి మీద అరుస్తాను. నాకెందుకంత కోపమో వాడికి అర్థం కాదు.

బావకు ఇంకా చెప్పలేదు. పండక్కి ఎదురుపడితే ఇప్పటికీ, "బండిలో ఆయిల్ చూసుకొన్నావా బామ్మర్దీ" అని నాకే జాగ్రత్త చెబుతాడు. ఎత్తిపొడుపు కాదు. తనలాగా నేను కాకూడదని. నేను తలూపుతాను.

ఇక్కడ రాసినంతమాత్రాన ఏదీ తీరిపోదు. ఆయన పేరు తిరిగి రాదు. కానీ ఆ రోజు గ్లాసులో కొలిచిన అంకె ఇన్నాళ్లూ నా ఒక్కడి దగ్గరే ఉంది. ఇప్పుడు మీ దగ్గరా ఉంటుంది. ఒక లీటరు పట్టే ఇంజన్ అది, విప్పినప్పుడు కొంచెం లోపలే అంటుకుని ఉండిపోతుంది.

ఆ రోజు బావ బండిలోంచి నేను తీసిన ఆయిల్ తొమ్మిది వందల యాభై మిల్లీలీటర్లు.